గాదె కింద రాజు

2009 ఏప్రిల్ 4, శనివారం

ఈ రోజు రాజుని చూశాను.

అక్క ఇంటి వెనక నాన్న కట్టిన మొక్కజొన్న గాదె ఉంది. దాని పునాది రాళ్ళ మీద ఎండ కాచుకుంటూ పడుకుని ఉన్నాడు. నల్లటి ఒళ్ళు, నూనె రాసినట్టు మెరుపు, ఒంటినిండా తెల్లటి గొలుసు చుట్టినట్టు చారలు. రాజుపాము, విషం లేనిది. నాన్న పోయాక ఈ చుట్టుపక్కల ఎవరూ ఒక్కదాన్ని కూడా చూడలేదు. నేను టోపీ తీశాను. తర్వాత సిగ్గేసి మళ్ళీ పెట్టుకున్నాను. వాడు రెండూ పట్టించుకోలేదు.

అక్కకి చెప్పడానికి పరుగెత్తానని రాయాలని ఉంది గానీ, నా మోకాళ్ళు ఒప్పుకోవు. నడిచే వెళ్ళాను.

అక్క ఆర్డెల్ ఎప్పట్లాగే పోర్చ్ మీద ఉంది. కిందటి ఆగస్టులో కోళ్ళకి గింజలు వెయ్యబోతుంటే మెట్ల పక్కన కాపర్‌హెడ్ కాటేసింది. రాగిరంగు పాము, ఎండుటాకుల్లో పడుకుంటే ఆకు అనుకుంటాం. అక్క ప్రాణం దక్కింది. కాలి వాపు తగ్గింది. భయం తగ్గలేదు. అప్పటినుంచి నేల మీద కాలు పెట్టలేదు. కోళ్ళని నేను చూస్తున్నాను. తోటని కలుపుమొక్కలు చూసుకుంటున్నాయి. చర్చికి వెళ్ళాలంటే నా ట్రక్కుని మెట్లకి ఆనించాలి. ఆమె గులాబీ మొక్కలు రెండు నా టైర్ల కింద పోయాయి. వాటి గురించి మేమిద్దరం మాట్లాడుకోము.

రాజు వచ్చాడని చెప్పాను. కాఫీ తాగి వెళ్ళమను అంది.

మేకన్ పట్నంలో ఉండే ఆమె కూతురు లనెట్ ఒక అపార్టుమెంటు చూసిపెట్టింది. మూడో అంతస్తు. జూన్ చివర్లో చేరాలి. అక్క సరేనంది. పాములకి లిఫ్టు నొక్కడం రాదు కదా అంటోంది. కోళ్ళని నాకిచ్చి, ఇల్లు అమ్మేస్తుందట. పొలానికి ఇటు నా ఇల్లు, అటు ఆమె ఇల్లు. పొద్దున లేవగానే నా కిటికీలోంచి ఆమె వంటింటి దీపం కనిపిస్తుంది. అది వెలిగాక నేను నా కాఫీ పెట్టుకుంటాను. అది వెలగని రోజు ఏం చెయ్యాలో నాకు తెలీదు. ఇది మనుషులతో చెప్పే మాట కాదు. అందుకని ఇక్కడ రాశాను.

ఏప్రిల్ 5

ఇవాళంతా నాన్నే గుర్తొచ్చాడు.

మా చిన్నప్పుడు గాదెలో ఎప్పుడూ ఒక రాజు ఉండేవాడు. కాపర్‌హెడ్‌ని తినేవాడు, తోక గలగలలాడించే గిలక్కాయ పాముని తినేవాడు. వాటి విషం వాడికి మజ్జిగతో సమానం. చుట్టుకుని, ఊపిరి ఆగేదాకా బిగించి, తల దగ్గర మొదలుపెట్టి తోకదాకా మింగేసేవాడు. రాజుని చంపినవాడికి మా ఊళ్ళో ఎవరూ ట్రాక్టరు అప్పిచ్చేవారు కాదు. నాన్న గాదెలోకి వెళ్ళేముందు తలుపు మీద వేళ్ళతో కొట్టి వెళ్ళేవాడు. మనుషుల గదుల్లోకి వచ్చేటప్పుడు ఆ మర్యాద లేదేం అని అమ్మ అడిగేది.

మా వైపు పెళ్ళికూతురికి దుప్పట్లు, గిన్నెలు ఇస్తారు. కొన్ని ఇళ్ళల్లో వాటితో పాటు గోనెసంచిలో ఒక రాజుని కూడా ఇచ్చేవారు. కొత్త కాపురం, కొత్త గాదె, కాపలా ఉండాలి కదా. అక్క పెళ్ళికి నాన్న మంచి పొడుగాటివాణ్ణి పట్టుకొచ్చి చర్చి హాల్లో కేకు బల్ల కింద పెట్టాడు. అక్క అత్తగారు అది ఉప్పుమాంసం అనుకుని సంచి మూతి విప్పింది. ఆ తర్వాత ఆవిడ బతికున్నంత కాలం మా ఇంట్లో ఏ మూతా విప్పలేదు.

ఆ రాజు బావ లామర్ గాదెలో వారం కూడా ఉండలేదు. ఎటో వెళ్ళిపోయాడు. నాన్న కలిసినప్పుడల్లా వాడెలా ఉన్నాడమ్మా అని అడిగేవాడు. హాయిగా ఉన్నాడు నాన్నా అని అక్క చెప్పేది. నాన్న పోయేదాకా అదే జవాబు. తర్వాత తెలిసింది, ఊళ్ళో ప్రతి పెళ్ళి రాజూ అంతేనని. ప్రతి కూతురూ తన తండ్రికి అదే జవాబు చెప్పిందని. వాడికి తను ఎరిగిన నేలే కావాలి. కొత్త చోట వదిలితే ఇంటిదారి వెతుక్కుంటూ రోడ్ల మీద పడతాడు. మేము ప్రేమగా పంచిపెట్టుకుంటూ పోయాం.

అందుకే ఇంకొకణ్ణి తెచ్చి పెట్టుకోవడం కుదరదు. తనంతట తను వచ్చినవాడే ఉండాలి. బావ పోయాక అక్క తనంతట తనే ఈ ఇంటికి తిరిగొచ్చినట్టు.

ఏప్రిల్ 12, ఈస్టర్

చర్చి అవగానే పక్క పొలం హోయ్ట్ బోయ్‌కిన్ రాజుని చూస్తానని వచ్చాడు. అతని వెనక ఇంకో నలుగురు. అందరూ సూట్లలోనే ఉన్నారు. గాదె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. వాడు రాళ్ళ సందులోంచి సగం బయటికొచ్చి, నాలుక ఆడించి, మమ్మల్ని లెక్కలోకి తీసుకోకుండా మళ్ళీ లోపలికెళ్ళాడు. పాస్టరు గారి ప్రార్థనప్పుడు కూడా వీళ్ళు ఇంత నిశ్శబ్దంగా ఉండరు.

తర్వాత రాజులు ఎందుకు లేకుండా పోయారని వాదన మొదలైంది. గుడ్లని అగ్నిచీమలు తినేశాయని హోయ్ట్. రోడ్లు అని ఒకడు. పురుగుమందులని ఇంకొకడు. పాపం పెరిగిందని ఒక ముసలాయన. నాకు అన్నీ నిజమే అనిపించాయి, పాపంతో సహా. ఎవరి చిన్నప్పటి రాజు ఎంత పొడుగో చేతులు చాచి చూపించుకున్నారు. చేతులు ఒకరివి ఒకరికి తగిలాయి.

అక్క పోర్చ్ మీంచి అంతా చూస్తూనే ఉంది. ఈ ఇంటికి ఇంతమంది మగవాళ్ళు సూట్లేసుకుని వచ్చింది తన పెళ్ళికే అంది.

ఏప్రిల్ 16

మెట్ల కింద వెతికాను. ఏమీ లేదు. ఏమీ లేదని అక్కకి చెప్పాను. నువ్వు వెతికావు గనక ఉండే ఉంటుంది అంది.

ఏప్రిల్ 22

నేను నడిపే స్కూలు బస్సులో పిల్లల్ని దింపి నేరుగా అక్క దగ్గరికి వెళ్ళాను. రాజు పని మీద ఉన్నాడు. ఓట్లడిగే నాయకుడిలా గోడ వెంట ప్రతి కన్నం ముందూ ఆగుతున్నాడు, తల దూర్చి చూస్తున్నాడు, పక్క కన్నానికి వెళ్తున్నాడు. తొందర లేదు. కట్టెల పేర్పు కిందికి దూరి చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు ఒళ్ళు కొంచెం లావైంది. లోపల ఎవర్ని కలిశాడో చెప్పలేదు.

అక్క ఏం చేస్తున్నాడని అడిగింది. ఇల్లు సోదా చేస్తున్నాడని చెప్పాను. కుర్చీలోంచి లేచింది. స్తంభం పట్టుకుంది. ఒక మెట్టు దిగింది. ఇంకొకటి దిగింది. అక్కడే కూర్చుని, వాడు పెరడంతా తిరిగి గాదె కిందికి వెళ్ళేదాకా చూసింది.

జూన్ దాకా వాడు ఇలాగే పనిచేస్తే ఇక్కడే ఉండే సంగతి ఆలోచిస్తానంది. వేరేవాళ్ళు బైబిల్ మీద చెయ్యేసి చెప్పేదాన్ని మా అక్క ఆలోచిస్తాను అంటుంది.

ఇంటికొచ్చి రేడియో పెట్టుకున్నాను. మామూలుగా పెట్టను.

ఏప్రిల్ 28

పొట్టికోళ్ళ గుడ్లు పోతున్నాయి. గూట్లో నాలుగు ఉండాల్సిన చోట రెండే. కోళ్ళపాము పని అని అక్క తేల్చేసింది. కోళ్ళపాము అంటే బూడిదరంగుది, విషం లేనిది, సిగ్గు అసలే లేనిది.

అమ్మ దాచిన పింగాణీ గుడ్లు గూట్లో పెట్టమంది అక్క. నేను మర్చేపోయాను వాటి సంగతి. అమ్మ బొత్తాల డబ్బాలో ఉండేవి, తెల్లగా, చల్లగా. నిజం గుడ్ల మధ్య పెడితే వాటి వాసన పట్టేది. దొంగపాము మింగేది. అరగదు, బయటికి రాదు. తిండి దిగక కొన్నాళ్ళకి చచ్చేది. అమ్మ చాలా మెత్తటి మనిషి. ఆదివారం బడిలో పిల్లలకి దయ గురించి పాఠం చెప్పేది. కోడిగుడ్ల దగ్గర మాత్రం పాఠం వర్తించేది కాదు.

డబ్బా ఇంకా అదే అల్మారాలో ఉంది. తెరిస్తే అమ్మ వాసన. అక్కా నేనూ బొత్తాలు చేత్తో కెలుకుతూ చాలాసేపు కూర్చున్నాం. ఇది నాన్న చలికోటుది, ఇది నీ నీలం గౌనుది అనుకుంటూ. వచ్చిన పని మర్చిపోయాం. చివరికి రెండు గుడ్లు తీసి గూట్లో పెట్టాను.

మే 2, శనివారం. ఉదయం 8

గూట్లో ఒక పింగాణీ గుడ్డే ఉంది. దొంగ దొరికాడనుకున్నాను. కోళ్ళగూడు వెనక్కి వెళ్ళి చూశాను.

రాజు.

గోడవారన పడుకుని ఉన్నాడు. ఒంటి మధ్యకి కొంచెం పైన గుండ్రటి బుడిపె. అక్కడ తెల్ల గొలుసు తెగిపోయినట్టు సాగింది.

రాజు పాముల్నే తింటాడని కదా నాన్న చెప్పింది. తాబేలు గుడ్లు తవ్వుకుని తినడం నేనే చూశాను చిన్నప్పుడు, వాగు ఒడ్డున. తాబేలు గుడ్లు తినేవాడు కోడిగుడ్డు తినడా? ఊళ్ళో ఒక్కడికీ ఈ ఆలోచన రాలేదు. రాజు అన్నాక వాడు దొంగతనం చెయ్యడని మా నమ్మకం.

ఉదయం 9

పశువుల డాక్టరు ప్రూయిట్‌కి ఫోన్ చేశాను. ఆవిడ ఒక ఆవు దగ్గర ఉంది. తను చెయ్యి పెట్టి చూసేది ఆవుల్లోనేనని, పాములో ఎక్కడ పెట్టాలో తెలీదని అంది. కొయ్యమంటే కొయ్యగలదు గానీ పాముకి ఎంత మత్తివ్వాలో తెలీదట, ఎక్కువైతే లేవదట. తర్వాత నెమ్మదిగా చెప్పింది. మింగి ఎక్కువసేపు కాకపోతే వచ్చిన దారినే పంపొచ్చట. నోట్లో కాస్త మినరల్ ఆయిల్ పొయ్యాలి. ఒళ్ళు తిన్నగా చాపి పట్టుకోవాలి. గుడ్డుని వెనకనుంచి తలవైపు, బొటనవేలితో, కొంచెం కొంచెంగా తొయ్యాలి. తొందరపడితే లోపల చిరుగుతుంది. ఇద్దరు మనుషులు కావాలి.

హోయ్ట్ అట్లాంటా వెళ్ళాడు. ఫోన్ ఎత్తడం లేదు.

అక్కకి చెప్పాలి.

మధ్యాహ్నం 1

చెప్పాను. గుడ్లు పెట్టమన్నది అక్కే. పెట్టింది నేనే. ఇద్దరం ఆ మాట అనలేదు. హోయ్ట్ సాయంత్రానికి వస్తాడేమో చూద్దామన్నాను.

అక్క లేచి లోపలికెళ్ళింది. తిరిగొచ్చినప్పుడు చేతిలో నూనె సీసా, పాత తువ్వాలు, కాళ్ళకి బావ వేట బూట్లు. రైలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. చివరి మెట్టు దగ్గర ఆగింది. కళ్ళు మూసుకుంది. దిగింది. పెరట్లో నడుస్తుంటే ఆమె పెదాలు కదులుతున్నాయి. కీర్తనో తిట్లో అర్థం కాలేదు.

నేను రాజుని మెడ దగ్గర పట్టుకున్నాను. వాడు తోక ఎండుటాకుల్లో టపటపా కొట్టి, గిలక్కాయ పాములా బెదిరించి, పని జరక్క తల తిప్పి నా బొటనవేలు కరిచాడు. కరిచి వదల్లేదు, నమిలాడు. తర్వాత కిందనుంచి కంపు వదిలాడు. రాజుల కంపు నాన్న చొక్కాలకి ఉండేది. కళ్ళలో నీళ్ళొచ్చాయి. కంపు వల్లే అనుకుంటున్నాను.

అక్క బోర్లించిన బకెట్ మీద కూర్చుంది. తువ్వాలు ఒళ్ళో పరుచుకుంది.

"వాణ్ణి ఇలా పడుకోబెట్టరా వెండల్. నువ్వు తల పట్టుకో, గుడ్డు సంగతి నేను చూస్తా."

"నేను చేస్తానక్కా. నీకు భయం."

"భయమే. అయితే ఏంటి? ఆ దుంగల్లాంటి చేతులతో నువ్వు తోస్తే వాడి ప్రాణం కూడా బయటికొస్తుంది. నేను యాభై ఏళ్ళు రొట్టెల పిండి పిసికినదాన్ని."

మొదట తగిలినప్పుడు ఆమె చెయ్యి వెనక్కి పోయింది. మళ్ళీ పెట్టింది. చల్లగా లేడేంట్రా అంది. ఎండలో పడుకున్నాడు కదా అన్నాను. నేను ఇన్నాళ్ళూ వీళ్ళు చల్లగా ఉంటారనుకున్నా అంది.

కొంచెం తోసి ఆగేది. వాడు ఊపిరి తీసుకునేదాకా ఆగేది. మళ్ళీ. గుడ్డు మెడ దగ్గరికొచ్చి ఇరుక్కుంది. ఇంకొంచెం నూనె పోశాం. వాడు నా వేలు వదిలేసి నోరు తెరిచాడు. మరీ అంత తెరుస్తాడని నాకు తెలీదు. తెల్లగా కనిపించింది. అక్క బొటనవేళ్ళు రెండూ కలిపి చివరిసారి తోసింది.

గుడ్డు ఆమె ఒళ్ళో పడింది.

వాడు మాత్రం కదల్లేదు. తాడులా వేలాడాడు. గాదె నీడలో పడుకోబెట్టాం. అక్క పక్కనే నేల మీద చతికిలబడింది. నేల మీద. నేను పళ్ళెం నీళ్ళు తెచ్చేసరికి వాడి తల రాళ్ళ సందులో ఉంది. ఒళ్ళు చాలా నెమ్మదిగా తల వెంట వెళ్తోంది. తోక చివరిదాకా లోపలికి పోయేదాకా ఇద్దరం చూశాం.

అక్క గౌను నిండా కంపు. రెండో పింగాణీ గుడ్డు కూడా గూట్లోంచి తీసి, రెండింటినీ బావిలో పారేసింది.

మే 3

రాజు బయటికి రాలేదు. చర్చికి వెళ్ళలేదు మేమిద్దరం. ఒళ్ళు బాలేదని చెప్పాం. వాసన చూసి ఉంటే నమ్మేవాళ్ళు.

మే 10, అమ్మల రోజు

లనెట్ పూలతో, అపార్టుమెంటు తాళంచెవులతో వచ్చింది. పోర్చ్ మీద అమ్మ లేదు. గాదె దగ్గరికొచ్చి చూస్తే అరవై ఏడేళ్ళ మనిషి మోకాళ్ళ మీద వంగి, టార్చ్ లైటు పట్టుకుని పునాది కిందికి చూస్తోంది. నేను వెనక నిలబడి కుడివైపు చూడమంటున్నాను.

లనెట్ నన్ను పక్కకి తీసుకెళ్ళి చీవాట్లు పెట్టింది. మామయ్యా, పోయినసారి కాటుకి నువ్వా ఆసుపత్రిలో కూర్చుంది, నేనా అంది. ఒక్క నల్లపాము కనబడితే అన్ని పాములూ పోయినట్టేనా అంది. ఆ నల్లది కూడా ఇప్పుడు కనబడట్లేదు కదా అంది. పిల్ల మాటల్లో తప్పేం లేదు. తల్లికి ఏమవుతుందోనన్న భయంతోనే అంటోంది. నేను తల ఊపుతూ నా వేలి కట్టు చూసుకున్నాను.

జూన్ 27న వ్యాను మాట్లాడిందట.

మే 23

రాజు లేడు. అక్క రోజూ పొద్దున్నే దిగుతోంది. ఒక చేతిలో కర్ర, కాళ్ళకి బావ బూట్లు. కట్టెల పేర్పు, కోళ్ళగూడు, పాత రేకులు, అన్నీ చూస్తోంది. చూసే దారిలో కలుపు కనబడితే పీకుతోంది. నేను చూడనట్టు ఉంటున్నాను. చెబితే గుర్తొస్తుందేమోనని భయం, తను నేల మీద ఉన్నానని.

జూన్ 6

పీచ్ పళ్ళు దిగుతున్నాయి. అక్కకి ఒక బుట్ట తీసుకెళ్ళాను. చెట్టు కింద కూర్చుని, రసం మోచేతులదాకా కారుతుంటే తిన్నాం. చిన్నప్పుడు ఇలాగే తింటుంటే నాన్న మొక్కజొన్న దించుతూ గాదె లోపల వాడితో మాట్లాడటం వినిపించేదని అక్క గుర్తుచేసింది. వానల గురించి, రేట్ల గురించి. మాతో అంత మాట్లాడేవాడు కాదు. వాడు ఎదురు చెప్పడు కదా అన్నాను. నువ్వు మాత్రం ఎప్పుడు ఎదురు చెప్పావురా, మూల కూర్చుని నవ్వేవాడివి అంది.

ధైర్యం చేసి అడిగాను. వాడు పోయాడేమో అక్కా అని.

పోతే వాసనొస్తుంది, రోజూ వంగి చూస్తున్నాను, రాలేదు అంది. ఇంకో పీచ్ తీసుకుంది. వెళ్ళిపోయి ఉంటే, అన్నాను. అక్క పీచ్ కొరుకుతూ గాదె వైపు చూసింది.

జూన్ 20

గదిలో అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. లనెట్ పంపించింది. దేనిలోనూ ఏమీ పెట్టలేదు. ఉంటావా, వెళ్తావా అని అడగలేదు నేను. అక్క చెప్పలేదు. కోళ్ళని ఎప్పుడు తీసుకెళ్ళమంటావని మాత్రం అడిగాను. వాటికి నీ ముఖం నచ్చదు అంది.

జూన్ 26

రేపు వ్యాను వస్తుంది. పొద్దున దీపం వెలిగింది. కాఫీ పెట్టుకోకుండా దాన్నే చూస్తూ నిలబడ్డాను.

జూన్ 27

వ్యాను ఇంటి ముందు, ఖాళీగా. గదిలో అట్టపెట్టెలూ ఖాళీగానే. లనెట్ పెరట్లో. అక్క పాత రేకు ఒకటి కర్రతో లేపింది. కింద కాపర్‌హెడ్, చుట్ట చుట్టుకుని.

లనెట్ కేక పెట్టింది. నేను పార కోసం పరుగెత్తాను. నిజంగానే పరుగెత్తాను. వచ్చేసరికి అక్క రేకుని కిందికి దించుతోంది, నెమ్మదిగా, పొయ్యి మీది గిన్నెకి మూత పెట్టినట్టు.

"వదిలెయ్యరా. అది వాడి భోజనం."